కానుకల గదిలో కందిరీగ

రాజుగారి వెండి బగ్గీలో కూర్చున్న మనిషి చచ్చిపోయి ఉన్నాడని ఆ ఉదయం చాలాసేపటి వరకు ఎవరూ గమనించలేదు.

ఆ రాజభవనంలో ఉన్న మ్యూజియంలలో బండ్ల శాల ఒకటి. అక్కడ ప్రతి బండిలోనూ ఒకటో రెండో మైనపు బొమ్మలుంటాయి. అందుకే నల్లకోటు తొడుక్కుని, తల కాస్త పక్కకు వాల్చి, హుందాగా కూర్చున్న ఆ శాల్తీని కూడా జనం బొమ్మే అనుకున్నారు. ఒక కొత్త జంట పక్కన నిలబడి ఫొటో దిగింది. ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "అన్నీ బాగా కుదిరాయి గానీ మొహమే సరిగ్గా రాలేదు" అని పెదవి విరిచాడు. చివరికి శుభ్రం చేసే ఆవిడ బండెక్కి, బొమ్మ మెడ మీద దుమ్ము దులపబోయేసరికి అది కాస్తా ఆమె భుజం మీదికి ఒరిగిపోయింది. ఆవిడ పెట్టిన కేకకి గోపురం మీద పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

చచ్చినవాడు మన గూఢచారి డిపార్ట్‌మెంట్ ఇన్ఫార్మర్. అతన్ని పోస్ట్‌మాన్ అనేవాళ్లు. మెడ వెనక దోమ కుట్టినంత చిన్న మచ్చ ఉంది. అంతకుమించి దెబ్బ లేదు, గాయం లేదు, నెత్తురు చుక్క లేదు.

"విషపు సూది," అన్నాడు చీఫ్.

రాజభవనం వెనక వీధిలో, పైపుల రిపేరు బండి వేషంలో ఆగి ఉన్న వ్యాన్‌లో బ్రీఫింగ్ జరుగుతోంది. చీఫ్ నవ్వగా చూసినవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో లేరు. కడుపులో మంటకి మాత్రలు చప్పరిస్తూ, ఆ మంట ఎదుటివాడికి కూడా అంటించడం ఆయన అలవాటు. ఈ రోజు ఎదుటివాడు కందిరీగ.

ఆ పేరు పెట్టింది కూడా చీఫే. ముద్దుకి పెట్టలేదు. ఎక్కడికి పంపినా అక్కడ జనం చేతులు విసురుకుంటూ తలోదిక్కుకీ పరుగెత్తుతారని పెట్టాడు.

"పోస్ట్‌మాన్ ఆఖరి మెసేజ్ ఇది," చీఫ్ కాగితం చూడకుండానే చెప్పాడు. "పనిచేసేవాడు ఒక్కడే. కానుకల గదిలో. తుపాకీ ఉండదు."

"టార్గెట్?"

"రాయబారి. రేపు పొరుగు దేశం తరఫున శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన మనిషి. ఆయన ఇక్కడ పోయాడంటే రేపు సంతకం ఉండదు, సరిహద్దులో ఫిరంగులు ఉంటాయి. ఆవలిగట్టు వాళ్లకి కావలసింది అదే."

ఆవలిగట్టు అంటే ఏ దేశానికీ చెందని గూఢచారి ముఠా. రెండు దేశాలు కొట్టుకుంటుంటే మూడో వైపు నుంచి ఆయుధాలు అమ్ముకునే రకం.

"విజిట్ క్యాన్సిల్ చేయండి."

"నీ అంత తెలివి నాకూ ఉంది. ఆయన ఒప్పుకోడు. కానుకల గదిలో ఒక గడియారం ఉంది. వాళ్ల ముత్తాతగారు మన రాజుకి బహూకరించిందట. అది చూడందే వెళ్లనంటున్నాడు. జనాన్ని కూడా ఖాళీ చేయించొద్దన్నాడు. మామూలు మనిషిలా చూస్తాడట!" చీఫ్ ఇంకో మాత్ర నోట్లో వేసుకున్నాడు. "గేటు దగ్గర అందర్నీ సోదా చేస్తున్నాం. సూదిని మాత్రం పట్టుకోలేం. ఇంకో సంగతి. ఆ గదికి క్యూరేటర్ ఎవరో తెలుసుగా?"

"తెలుసు."

"రాయబారి పక్కనే నిలబడి వివరించేది ఆవిడే. ఇవాళ్టికి సెలవు పెట్టమని అడిగించాను. నా గదిలో నన్ను ఎవరూ భయపెట్టలేరంది."

ఆ మాట అన్న గొంతు కందిరీగకి వినకుండానే వినిపించింది. ఆవిడ అతని వదిన. అన్నయ్య భార్య. తమ్ముణ్ణి చూసి ముచ్చటపడి అన్నయ్య కూడా ఈ డిపార్ట్‌మెంట్‌లోనే చేరాడు. ఇద్దరూ కలిసి ఒక ఆపరేషన్‌కి వెళ్లారు. కందిరీగ ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ తర్వాత వదిన అతనితో మాట్లాడలేదు. కర్మకాండ రోజు కూడా అతను ఎదురైతే గోడ పక్కనుంచి వెళ్లినట్టు వెళ్లిపోయింది. ఇప్పుడు రాయబారికి జానెడు దూరంలో నిలబడేది ఆవిడ. సూది ఒక్క వేలెడు పక్కకి తప్పినా అది వెళ్లేది ఆవిడ మెడలోకి. ఆ ఇంట్లో ఇంకొకరు పోతే భరించే శక్తి కందిరీగకి లేదు.

అతను బట్టలు మార్చుకున్నాడు. పొట్టకి దిండు, మెడలో కెమెరా, నెత్తిన తెల్లటోపీ. అచ్చం డబ్బుండి పనిలేని టూరిస్టులా తయారయ్యాడు. చెవికి మ్యూజియం వాళ్లు అద్దెకిచ్చే ఆడియో గైడ్ తగిలించారు. టెక్నికల్ వాళ్లు దాని లోపల రేడియో అమర్చారు. కెమెరా పట్టీలో మైకు దాచారు.

"ఒకటే ఇబ్బంది సార్," అన్నాడు టెక్నీషియన్. "అసలు కామెంటరీని ఆపలేకపోయాం. మధ్యమధ్యలో అదీ వినిపిస్తుంది."

చెవిలో వెంటనే ఒక తియ్యటి గొంతు మోగింది. "రాజభవనానికి స్వాగతం. దయచేసి కుడివైపునకు నడవండి."

వదిన గొంతు. రికార్డు చేసింది కాబట్టి మర్యాదగా ఉంది.

కానుకల గది గుమ్మంలో అసలు వదిన నిలబడి ఉంది. మెడలో గుర్తింపు కార్డు, బిగించి ముడేసిన జుట్టు, ముక్కు మీద కోపం. పొట్టకి దిండూ నెత్తిన టోపీ ఎవరికి అడ్డం? ఒక్క చూపులో పోల్చేసింది.

"పెన్ను," అంది చెయ్యి చాపి.

"ఏమిటి?"

"మీ జేబులో పెన్ను. గదిలోకి పెన్నులు తీసుకురాకూడదు. సిరా చుక్క పడితే మళ్లీ పోదు. రాసుకోవాలంటే పెన్సిల్." అంటూనే అతని జేబులోంచి పెన్ను లాగేసింది. అది నిద్రమత్తు చల్లే డిపార్ట్‌మెంట్ పెన్ను. కందిరీగ నోరు తెరిచే లోపే దాన్ని పెట్టెలో పడేసి మూత వేసింది. ఆ పెట్టె నిండా జనం దగ్గర లాక్కున్న పెన్నులే.

"వదినా, ఒక్క మాట. ఇవాళ నువ్వు ఆయనకి కాస్త దూరంగా..."

"ఇక్కడ నేను క్యూరేటర్‌ని. మీరు విజిటర్. విజిటర్లు క్యూరేటర్లకి ఎక్కడ నిలబడాలో చెప్పరు."

మీరు! చిన్నప్పట్నుంచి నువ్వు అని పిలిచి, తలకి నూనె కూడా అంటిన వదిన. కందిరీగకి చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

అతను తల వంచుకుని లోపలికి నడిచాడు. పొడవాటి గది. ఒక చివర తలుపు, ఇంకో చివర కిటికీ. గోడల పొడుగునా రాజులకి రాజులిచ్చిన కానుకలు. సరిగ్గా మధ్యలో, నిలువెత్తు గాజు పెట్టెలో ఆ గడియారం ఉంది. బంగారు కొమ్మ మీద వాలిన పిట్ట గంటగంటకీ తోక ఆడిస్తుందట.

కందిరీగ అలవాటుగా ఆ గాజు ముందు నిలబడ్డాడు. వృత్తిలో మొదటి పాఠం అది. వెంట ఎవరైనా వస్తున్నారా లేదా తెలియాలంటే వెనక్కి తిరిగి చూడకూడదు. షాపు కిటికీలో, కారు తలుపులో, మ్యూజియం పెట్టెలో చూడాలి. ఉద్యోగంలో చేరాక అతను ఎన్నో దేశాల్లో ఎన్నో మ్యూజియంలు తిరిగాడు. ఒక్క వస్తువు కూడా చూసిన పాపాన పోలేదు. గాజులో వెనకాలవాళ్లనే చూశాడు.

ఇక్కడ ఎవరూ కనబడలేదు. గుమ్మం లేదు, గార్డు లేడు, తన దిండు పొట్ట కూడా లేదు. పెట్టెకి గాజే వేయలేదేమో, పిట్ట గాలిలోనే వాలి ఉందేమో అన్నట్టుంది. అతను అనుమానంగా వేలు చాపాడు. గోరు టక్కుమని తగిలింది.

"వేలు తీయండి!" గుమ్మం దగ్గర్నుంచి వదిన గదిమింది. "అది ప్రతిబింబం పడని గాజు. వస్తువు మాత్రమే కనబడాలని వేయించాను. మొహం చూసుకోవాలంటే చేతులు కడుక్కునే చోట అద్దాలున్నాయి."

"ఎప్పుడు వేయించావు?"

"ఈ గది వారం రోజులు మూసింది అందుకే. ఇవాళే తెరిచాం. ఇంకేమైనా ఇన్‌స్పెక్షనా?"

కందిరీగకి ఒళ్లు మండింది. ఈవిడ పుణ్యమా అని తన విద్యలో సగం ఈ గదిలో పనికిరాకుండా పోయింది. ఎవరు తన వెనక నిలబడ్డారో తెలుసుకోవాలంటే పల్లెటూరి బాటసారిలా మెడ తిప్పి చూడాల్సిందే.

"తదుపరి మీరు రాజవస్త్రాల శాలను దర్శించవచ్చు," అంది చెవిలో వదిన, తేనె కారుస్తూ. ఆ గొంతు మధ్యలో చీఫ్ అడ్డొచ్చాడు. "కందిరీగా, వస్త్రాల శాలకి కదులు. నెమలి వచ్చింది."

నెమలి డబుల్ ఏజెంట్. ఆవలిగట్టు జీతం తింటూ మనకి కబుర్లు చెప్పేది. మన జీతం కూడా తినేది. రెండు పూటలా తిన్నా నడుం మాత్రం పెరగలేదు. నీలం పట్టు గౌను వేసుకుని, ఒక మహారాణి పెళ్లి దుస్తుల ముందు నిలబడి ఉంది. అటుగా వెళ్లే మగవాళ్లలో సగం మంది మహారాణి దుస్తులు చూడకుండానే వెళ్లిపోతున్నారు.

కందిరీగ పక్కకి చేరి కోడ్ అప్పజెప్పాడు. "ఈ రాణులకి నడుములు ఇంత సన్నగా ఉండేవా?"

"తిండి మానేసి కాదు, తాళ్లు బిగించి," అంది నెమలి. ఆ తర్వాత అతని పొట్ట వైపు చూసింది. "నువ్వు ఈ మధ్య దేన్నీ బిగించట్లేదు."

"వాగుడు తర్వాత. ఎవడు?"

"బూడిదరంగు కోటు. చేతికర్ర. సూది కర్రలో ఉంది. రాయబారి గడియారం దగ్గరికి రాగానే దగ్గు వచ్చినట్టు ముందుకి తూలుతాడు. నువ్వు తొందరపడకు. వాడు గదిలోకి వచ్చాక పట్టుకోండి. బయట పట్టుకుంటే వాణ్ణి పంపినవాళ్లు తప్పించుకుంటారు."

"పోస్ట్‌మాన్‌ని ఎవరు పట్టిచ్చారు?"

"నన్నేనా అడుగుతున్నావ్?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

ఆమె చూపు కరుకైంది. "నా మీద అనుమానం ఉంటే మీ చీఫ్‌తో చెప్పుకో. నేనిచ్చిన కబురు ఏనాడూ తప్పలేదు. నీ పక్కన ఉండి బతికి బయటపడ్డవాళ్లు ఎంతమందో కూడా లెక్క చూసుకో." సుతారంగా తిరిగి, గౌను గరగరలాడించుకుంటూ వెళ్లిపోయింది.

కందిరీగ చీఫ్‌కి చెప్పాడు కూడా. చీఫ్ వినలేదు. "ఆమె సమాచారం నిఖార్సు. నీ సొంత తెలివి ఇంటికి తీసుకెళ్లి వాడుకో. ఇద్దరు మనుషుల్ని కర్రవాడి మీద పెడుతున్నాను."

మధ్యాహ్నానికి కానుకల గది జనంతో నిండింది. బూడిదరంగు కోటు పెద్దమనిషి అందరికంటే ముందే వచ్చాడు. కర్ర చంకలో ఇరికించుకుని, గడియారం పెట్టెకి ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడ్డాడు. అతనికి చెరోవైపున చీఫ్ మనుషులు, దంతపు బొమ్మల మీద ఎనలేని ప్రేమ ఉన్నట్టు నటిస్తూ నిలబడ్డారు. నటన అధ్వాన్నంగా ఉంది.

కందిరీగ కిటికీ దగ్గర గోడకి ఆనుకున్నాడు. పెట్టెకి అటు పక్క, గుమ్మానికి వీపు పెట్టి, మడత స్టూలు మీద ఒక గెడ్డపు మనిషి బొమ్మ గీస్తున్నాడు. ఒళ్లో అట్ట, చేతిలో పెన్సిల్. మోచేతుల దగ్గర అతుకులు వేసిన పాత కోటు.

"ఆయనెవరు?" పక్కనున్న గార్డుని అడిగాడు కందిరీగ.

"మా బొమ్మల మాస్టారండీ. పాపం, మంచి మనిషి. వారం నుంచీ రోజూ వస్తున్నారు. ఈ గది మూసి ఉంది కదా, అందుకని పక్కనున్న ఆయుధశాలలో కూర్చుని కత్తులూ డాళ్లూ గీసేవారు. అదీ అచ్చం ఈ గదిలాగే ఉంటుంది. మధ్యలో ఇలాంటి పెట్టే. ఇవాళ ఇది తెరవగానే ఇటొచ్చారు."

అప్పుడే నెమలి లోపలికొచ్చింది. గడియారం పెట్టె ముందు ఆగి, గాజు వైపు చూస్తూ, చెవి పక్కన జారిన జుట్టు సర్దుకుంది. తల అటు వంచి, ఇటు వంచి, మళ్లీ సర్దుకుంది. కనుబొమలు ముడిపడ్డాయి.

కందిరీగకి ముందు నవ్వొచ్చింది. తన బొమ్మే పడని గాజులో ఈవిడ సింగారమేమిటి? ఆ నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది.

జుట్టు కోసం కాదు. వెనకాల ఉన్నవాళ్లని చూడటానికి. పొద్దున తనూ ఇదే చోట, ఇలాగే నిలబడి వెర్రిమొహం వేశాడు. ఆమె ఎవరికోసమో గాజులో వెతుకుతోంది. ఆ ఎవరో కూడా ఆమెని గాజులోనే చూడాలని కూర్చుని ఉండాలి.

బొమ్మల మాస్టారు స్టూలుని కాస్త ఎడమకి జరుపుకున్నాడు. మెడ సాచాడు. మళ్లీ కుడికి జరుపుకున్నాడు. అతని చూపు పిట్ట మీద లేదు, గడియారం మీద లేదు. గాజు మీద ఉంది. ఆయుధశాలలో పాత గాజు ముందు వారం పాటు రిహార్సల్ చేశాడు. గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంటే ఎవరికీ అనుమానం రాదు, వచ్చేవాళ్లంతా గాజులో కనబడతారు. ఆ లెక్కతోనే ఇక్కడా వీపు తిప్పి కూర్చున్నాడు. ఇప్పుడు గుడ్డివాడైపోయాడు.

మరి కర్ర పెద్దమనిషి? ఆయన పిట్ట తోక వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తన వెనక ఎవరున్నారో, ఏం చేస్తున్నారో ఆయనకి ఏ మాత్రం అక్కర్లేదు. గూఢచారి అన్నవాడు ఏ వస్తువునీ అంత ఇష్టంగా చూడలేడు.

"సార్," కెమెరా పట్టీలోకి గుసగుసలాడాడు కందిరీగ. "కర్రవాడు కాదు. బొమ్మలు గీసేవాడు. నెమలి మనల్ని..."

"రాయబారి గుమ్మంలో ఉన్నాడు," అన్నాడు చీఫ్. "టీమ్, కర్రవాణ్ణి ఎత్తేయండి."

"సార్, ఆగండి!"

ఎవరాగుతారు? ఇద్దరు మనుషులూ పాపం ఆ పెద్దాయన రెండు రెక్కలూ పట్టుకుని పైకి లేపారు. ఆయన "అయ్యో, అయ్యో, నేనేం ముట్టుకోలేదు!" అని లబోదిబోమన్నాడు. కర్ర టకటకా నేల మీద దొర్లింది. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. గదిలో ఉన్న గార్డులు, రాయబారి వెంట వచ్చిన రక్షకులు అందరూ అటు తిరిగారు. ఆవలిగట్టు వాళ్లు కోరుకున్నది సరిగ్గా అదే. నెమలి మనచేతే అది చేయించింది.

ఆ గలాటాకి దూరంగా ఉంచాలని వదిన రాయబారి మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకొచ్చింది. పక్కకి అంటే బొమ్మల మాస్టారు స్టూలు దగ్గరికి. తెల్లజుట్టు రాయబారి ఆమెకి కృతజ్ఞతగా తల వంచాడు. మెడ వెనక కాలర్ కిందికి జారింది.

మాస్టారు మర్యాదగా లేచాడు. దారి ఇవ్వడానికన్నట్టు స్టూలు మడిచాడు. పెన్సిల్ చివర బొటనవేలితో నొక్కాడు. సీసం ఉండాల్సిన చోట సన్నటి మెరుపు కనిపించింది.

కందిరీగకీ వాడికీ మధ్య గాజు పెట్టె ఉంది, దాని చుట్టూ అరుస్తున్న జనం ఉన్నారు. పరుగెత్తితే అందడు. హంతకుడు అని అరిస్తే వదిన బిగుసుకుపోతుంది. కూర్చో అంటే కూర్చోదు, మరిది చెప్పాడని మరీ నిటారుగా నిలబడుతుంది. తప్పుకో అంటే అంతే సంగతులు. అరక్షణంలో అతనికి వదిన మొత్తం గుర్తొచ్చింది.

"వదినా!" గది అదిరిపోయేలా అరిచాడు. "పెన్ను! నీ గడియారం దగ్గర పెన్ను!"

వదిన ఆలోచించలేదు. ఏళ్ల తరబడి ఎందరో విజిటర్ల చేతుల్లోంచి పెన్నులు లాగిన చెయ్యి ఆమె కంటే ముందే కదిలింది. గిర్రున తిరిగి, లేచి ఉన్న ఆ మణికట్టుని గప్పున పట్టుకుంది. సూది రాయబారి మెడకి వేలెడు దూరంలో ఆగింది.

"కళ్లు నెత్తికెక్కాయా? గుమ్మం దగ్గర బోర్డు చదవలేదూ?" అని వాణ్ణి నిలదీసింది.

మాస్టారికి జీవితంలో ఎవరూ అలాంటి ప్రశ్న వేసి ఉండరు. ఒక్క క్షణం తెల్లబోయాడు. ఆ క్షణంలో కందిరీగ ముగ్గుర్ని తోసి, ఒక దంతపు ఏనుగు బల్లని దాటి వచ్చిపడ్డాడు. మాస్టారు చెయ్యి విదిలించుకుని ఈసారి వదిన మీదికే పెన్సిల్ విసురుగా పొడిచాడు. కందిరీగ మధ్యలోకి దూరాడు. పెన్సిల్ కసుక్కుమని పొట్టలోకి మొదలంటా దిగిపోయింది.

దిండులోకి!

వాడు పెన్సిల్ వెనక్కి లాగుతుండగా కందిరీగ పోస్ట్‌మాన్ పేరు చెప్పి దవడ మీద ఒకటి ఇచ్చాడు. అన్నయ్య పేరు చెప్పి ఇంకోటి ఇచ్చాడు. దానికి వీడికి సంబంధం లేదు గానీ చెయ్యి ఆగలేదు. గెడ్డం ఊడి గడియారం పెట్టె కింద పడింది. దాని వెనకే మనిషీ పడ్డాడు. పైన పిట్ట తోక ఆడించి కిచకిచలాడింది. గంట కొట్టింది.

కందిరీగ అదేమీ వినలేదు. వదిన చెయ్యి లాక్కుని వేళ్లూ అరచెయ్యీ మణికట్టూ తిప్పి తిప్పి చూస్తున్నాడు. "గీసుకుందా? ఎక్కడైనా గుచ్చుకుందా? మండుతోందా? చెప్పు వదినా!"

"ఏం కాలేదు. చెయ్యి వదలండి."

చర్మం ఎక్కడా చిట్లలేదు.

నెమలి గుమ్మం దాకా వెళ్లింది. తొందర లేదు, కంగారు లేదు. సినిమా బాగాలేదని మధ్యలో లేచిపోతున్నట్టు నడుస్తోంది. కందిరీగ గార్డుని కేకేశాడు. తలుపు మూసుకుంది. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, అతను దగ్గరికొచ్చేదాకా నిలబడింది.

"ఎలా పట్టుకున్నావ్?" అడిగింది.

"నీ జుట్టు చెదరలేదు. అయినా సర్దుకున్నావ్. అదీ మొహం కనబడని గాజులో."

నెమలి పెట్టె వైపు చూసింది. మొదటిసారి ఆ గాజుని గాజులా చూసింది. "వారం క్రితం మామూలుదే ఉండేది. ఎవరు మార్చారు?"

"మా వదిన."

"ఆవిణ్ణి మీ డిపార్ట్‌మెంట్‌లో చేర్చుకోలేదేం?"

"మా ఇంట్లో చేరినవాళ్లు చాలు. పోస్ట్‌మాన్‌కి పెళ్లాం ఉంది. ఆమెకి నీ గురించి నేనే చెబుతాను."

"చెప్పు. నాకేం?" అంది నెమలి. చేతులకి సంకెళ్లు పడుతుంటే పట్టు గౌను నలగకుండా పట్టమని గార్డుని కసిరింది.

రాయబారిని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఆయన భయపడినట్టు లేడు. వచ్చీరాని మన భాషలో, "రేపు సంతకం. ముందు గడియారం," అన్నాడు. కర్ర పెద్దమనిషిని కింద దింపి, అందరూ తలోసారి క్షమాపణ చెప్పారు. ఆయన తన కర్ర తాను ఏరుకుని, ఇంకా వణుకుతూనే మళ్లీ పిట్ట ముందు నిలబడ్డాడు.

కందిరీగ పొట్టలోంచి పెన్సిల్‌ని జాగ్రత్తగా గుడ్డతో బయటికి లాగి, వ్యాన్‌లోంచి పరుగెత్తుకొచ్చిన టెక్నీషియన్‌కి ఇచ్చాడు. తిరిగేసరికి ఎదురుగా వదిన ఉంది. చేతులు కట్టుకుని ఉంది.

"మీకు..." అని ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. "నీకు బుద్ధి ఉందా? పెద్దమనుషుల మధ్య అలా గావుకేకలు పెడతావా? పెన్ను అంటావా? అది పెన్సిల్! పెన్నుకీ పెన్సిల్‌కీ తేడా తెలియకుండా ఎలా పాసయ్యావురా నువ్వు?"

"పెన్సిల్ అంటే నువ్వు వదిలేసేదానివి."

"ఎదురు మాట్లాడకు! వాడు పొడుస్తుంటే మధ్యలోకి దూరతావా? దిండు ఉంది కాబట్టి సరిపోయింది. అది కాస్త పైకి తగిలి ఉంటే? నీకేమైనా అయితే మీ అమ్మకి ఎవరు చెప్పాలి? మళ్లీ నేనేనా? ఒకసారి చెప్పిన నోటితో రెండోసారి చెప్పమంటావా?"

కందిరీగ ఏదో ఒకటి అనాలి. ఇన్నాళ్లూ ఆమె వినలేదు, అతను చెప్పలేదు. "అన్నయ్యని కూడా పిలిచాను వదినా. ఇంతకంటే గట్టిగానే అరిచాను. వాడికి వినపడలేదు."

వదిన పెదవి బిగపట్టి కిటికీ వైపు చూసింది. కొంగేదీ లేదు కాబట్టి గుర్తింపు కార్డు తాడుతోనే కళ్లు ఒత్తుకుంది. తర్వాత అతని చొక్కా మీద చిరుగు చూసి, దిండులోంచి బయటికొచ్చిన దూది చూసి, మళ్లీ కోపం తెచ్చుకుంది.

"ఆ టోపీ ఏమిటి? ఆ అవతారం ఏమిటి? గుమ్మంలోంచే కనిపెట్టాను. మీ డిపార్ట్‌మెంట్‌లో అద్దాలు ఉండవా? బల్ల మీద ఏనుగు దంతం వంకర చేశావు, చూసుకున్నావా? ఇంటికి రాకుండా ఇన్నేళ్లు తిరిగావు. ఎవరైనా వద్దన్నారా? నేను మాట్లాడకపోతే మాత్రం నువ్వు రాకూడదా? అంత పౌరుషమా? నిలబడు, ఎక్కడికి కదులుతున్నావ్? నేనింకా పూర్తి చేయలేదు."

చెవిలో చీఫ్ గర్జించాడు. "కందిరీగా! అక్కడేం జరుగుతోంది? హెడ్డాఫీసు లైన్‌లో ఉంది. రిపోర్ట్! వెంటనే!"

కందిరీగ టోపీ తీసి చేత్తో పట్టుకుని, బుద్ధిగా నిటారుగా నిలబడి, పట్టీలోకి మెల్లగా అన్నాడు.

"హెడ్డాఫీసుని కాస్త ఆగమనండి సార్. మా వదిన తిడుతోంది. ఇన్నాళ్లకి మొదలుపెట్టింది, మధ్యలో లేచి రావడం బాగుండదు."